ముంబై పొలిమేర అవతల భీవండి

(సిరిసిల్లలో చేసిన ప్రసంగానికి రికార్డింగు నుంచి రాసిన పాఠం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? మైకు లేకపోయినా ఫర్వాలేదు లెండి. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగినదాన్ని, నా గొంతు ఎలాగూ పెద్దదే. మా నాయినతో మాట్లాడాలంటే అరవాల్సిందే. పండక్కి ఊరికి వస్తే మా మేనత్త అడిగేది, "మీరంతా గట్ల కొట్లాడుకున్నట్టు మాట్లాడుతరేందే?" అని. కొట్లాట ఏమీ లేదు. చెవులు పోయాయి, అంతే.

ముందు ఒక మాట అడుగుతాను. ఈ హాల్లో ఎవరింట్లో భీవండికి పోయినవాళ్ళు ఉన్నారు? నాయినో, తాతో, చిన్నాయినో, మేనమామో. చేతులెత్తండి. చూశారా? దాదాపు సగం చేతులు లేచాయి. సిరిసిల్లలో ఇంతకంటే తక్కువ లేస్తేనే ఆశ్చర్యపోవాలి. ఆ ఊరి గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను చరిత్రకారిణిని కాను. పుట్టింది, పెరిగింది, పిల్లలకి పాఠాలు చెప్పింది అక్కడే. అందుకని కొంత చదివింది, కొంత చూసింది కలిపి చెప్తాను.

మనవాళ్ళు చాలామంది "బొంబాయి పోయిండు" అంటారు. పోయింది బొంబాయికి కాదు, భీవండికి. రెంటికీ తేడా ఏమిటి? అసలు సంగతంతా ఆ తేడాలోనే ఉంది. భీవండి ముంబైలో లేదు, ముంబైకి దూరంగానూ లేదు. ఠాణే జిల్లా. ఠాణే నుంచి పదిహేను కిలోమీటర్లు, అటు పోతే కల్యాణ్, మధ్యలోంచి పాత ఆగ్రా రోడ్డు. 2011 జనాభా లెక్కల్లో 7,09,665 మంది. ఇంత పెద్ద ఊరు ముంబై పొలిమేరకి సరిగ్గా అవతల కూర్చుంది. ఆ అవతల ఉండడమే దాని బతుకుదెరువు. ముంబైకి కావలసిన పనులుంటాయి, కానీ ముంబై లోపల చేస్తే ఖర్చు ఎక్కువ, చట్టం ఎక్కువ, పన్ను ఎక్కువ. అలాంటివన్నీ భీవండికి వస్తాయి. ముందు గుడ్డ వచ్చింది, తర్వాత గోదాములు వచ్చాయి. ఈ మాట గుర్తుపెట్టుకుంటే నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది.

పాత కాలంలో అది సాంచాల ఊరు కాదు. కామ్వారీ నది ఒడ్డున బియ్యం, కలప, చేపలు అమ్ముకునే చిన్న పట్నం. పడవలు వచ్చేవి. 1860ల్లోనే అక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. మరి ఏం జరిగింది? రైలు వచ్చింది. 1853లో బొంబాయి నుంచి ఠాణేకి, మరుసటి ఏడే కల్యాణ్‌కి. పట్టాలు కల్యాణ్ మీదుగా పోయాయి, భీవండి పక్కన మిగిలిపోయింది. ఇవాళ్టికీ అంతే సుమా! ముంబై లోకల్ అంటే ఊళ్ళకి ఊళ్ళని లేపి కూర్చోబెట్టింది కదా. డోంబివలీ, కల్యాణ్, అంబర్‌నాథ్, అన్నీ లోకల్ రైలు పెంచిన ఊళ్ళే. ఏడు లక్షల మంది ఉన్న మా ఊరికి మాత్రం ముంబై నుంచి నేరుగా లోకల్ లేదు. వసాయి-దివా లైను మీద భీవండి రోడ్ అని ఒక స్టేషను ఉంది. పేరులోనే "రోడ్" ఉంది, అంటే ఊరికి కొంచెం ఎడంగా అని అర్థం చేసుకోండి. ఆ లైను మీద తిరిగే బళ్ళు తక్కువ. ఆ టైముకి మనం పోవాలి తప్ప మన టైముకి అది రాదు. మిగతా అంతా బస్సు, షేరింగ్ ఆటో. ఠాణే నుంచి భీవండి మీదుగా కల్యాణ్‌కి మెట్రో ఐదో లైను కడుతున్నారు. ఆ స్తంభాల కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎంతమంది ఎన్ని సంసార విషయాలు మాట్లాడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

సరే, నేత ఎలా వచ్చింది? 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరప్రదేశ్ వైపు నుంచి మోమిన్ అన్సారీలనే ముస్లిం నేతగాళ్ళు ఆగ్రా రోడ్డు పట్టుకుని దక్షిణానికి నడిచారు. దారిలో మాలేగావ్‌లో కొందరు, ధులేలో కొందరు, భీవండిలో కొందరు ఆగిపోయారు. వాళ్ళవి చేమగ్గాలు. వాళ్ళ ఇంటి మాట ఉర్దూ. అలా మొదలైంది. 1930ల్లో కరెంటు వచ్చింది, కరెంటుతో నడిచే మగ్గం వచ్చింది. ఆ పని మొదలుపెట్టినవాళ్ళలో ఖాన్ సాహెబ్ సమద్ సేఠ్ పేరు ఊళ్ళో ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. బొంబాయి మిల్లులు పాతబడిన మగ్గాలని తీసిపారేసేవి. అక్కడ తుక్కు, ఇక్కడ పెట్టుబడి. మిల్లు వదిలేసిన మగ్గాన్ని కొని, బిగించి, నూనె పోసి, రేకుల షెడ్డులో నడిపించారు.

ఇక్కడ కొంచెం చట్టం సంగతి చెప్పాలి, విసుగు అనుకోకండి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, కరెంటు వాడే చోట పదిమంది లేక అంతకంటే ఎక్కువ పనిచేస్తే ఆ రోజుల్లో అది ఫ్యాక్టరీ. పని గంటలు, సెలవులు, తనిఖీలు అన్నీ వర్తించేవి. మరి ఒక సేఠ్‌కి నలభై ఎనిమిది సాంచాలు ఉన్నాయనుకోండి, ఏం చేస్తాడు? ఒక షెడ్డు నాలుగు షెడ్లవుతుంది. ఒకటి తన పేరున, ఒకటి భార్య పేరున, ఒకటి తమ్ముడి పేరున, ఒకటి ఇంకా పాలు తాగే కొడుకు పేరున! మధ్యలో ఒక గోడ. గోడకి ఒక తలుపు. కాగితం మీద ఎక్కడా పదిమంది ఉండరు. అటువైపు కార్మికుడు ఇటువైపు వచ్చి చాయ్ తాగి పోతాడు, అది వేరే సంగతి. నవ్వుతున్నారు మీరు. ఇక్కడ కూడా చూసినట్టున్నారు.

ఇక మనవాళ్ళ సంగతికి వద్దాం. తెలుగువాళ్ళు బొంబాయికి కొత్త కాదు. ఆ మహానగరాన్ని కట్టిన కూలీలలో తెలుగు కామాఠీలు ఉన్నారు, కామాఠీపురా పేరు వాళ్ళ మీద వచ్చిందే. మన పద్మశాలీలు సోలాపూర్‌కి పోయారు, బొంబాయి మిల్లులకి పోయారు, భీవండికి పోయారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి. ఎందుకు పోయారు? చేమగ్గం మీద తిండి గడవక పోయారు. ఇంకో కారణం చెప్పమంటారా? అంతకుముందు పోయినవాడు పండక్కి వచ్చినప్పుడు అతని చొక్కా చూసి పోయారు. రెండూ నిజమే.

మా నాయిన పోయింది ఒక బావ వెంట. ఆ బావ పోయింది ఇంకో బావ వెంట. ఎవరికీ ఉత్తరం రాసి, అడ్రసు కనుక్కుని పోయిన గుర్తు లేదు. "పద్మానగర్‌ల దిగి ఫలానాయన పేరు చెప్పు" అంటే చాలు. పద్మానగర్ అంటే భీవండిలో తెలుగువాళ్ళ బస్తీ. ధామన్‌కర్ నాకా దగ్గర దిగి లోపలికి నడిస్తే దుకాణాల మీద తెలుగు బోర్డులు, గుమ్మాల ముందు ముగ్గులు, ఎవరింట్లోంచో పచ్చిపులుసు వాసన. అక్కడ ఒక్క మరాఠీ ముక్క రాకుండా ఏళ్ళ తరబడి బతికిన ముసలమ్మలు నాకు తెలుసు.

సాంచాల షెడ్డు లోపల ఎలా ఉంటుందో పిల్లల కోసం చెప్తాను, పెద్దలకి తెలిసిందే. రేకుల కప్పు. కిటికీలు ఉన్నా తీయరు, గాలి తగిలితే పోగు ఆరిపోయి తెగుతుందని. ఏప్రిల్, మే నెలల్లో లోపల నిలబడడం అంటే మాటలు కాదు. వరసగా సాంచాలు. రెండు వరసల మధ్య సందు ఎంతంటే, లావుపాటి మనిషి పక్కకి తిరిగి నడవాలి. ఒక మనిషి నాలుగు సాంచాలు చూసుకుంటాడు, కొందరు ఆరు, ఎనిమిది కూడా. కండె, అంటే పోగు చుట్టిన గొట్టం, అయిపోతే సాంచ ఆపాలి, అటూ ఇటూ తిరిగే నాడె తీయాలి, ఖాళీ కండె పారేసి నిండు కండె పెట్టాలి, పోగు కొసని నాడె కన్నంలోంచి బయటికి లాగాలి. ఆ లాగడానికి మా నాయిన నోరు పెట్టి ఒక్క పీల్పు పీల్చేవాడు. ఠక్కున పోగు వచ్చేసేది. క్షణం పని. ఎంత వేగంగా చేసేవాడో చెప్పలేను. చూడ్డానికి గారడీలా ఉండేది, చిన్నప్పుడు నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఆ పీల్పుతో పోగు ఒక్కటే వస్తుందా? దూది దుమ్ము కూడా లోపలికి పోతుంది. ఒక కండె ఎన్ని నిమిషాలు? సాంచాలు ఎన్ని? పన్నెండు గంటలకి ఎన్ని పీల్పులు? లెక్క మీరే కట్టుకోండి. చివరి ఏళ్ళల్లో నాయిన రాత్రి పడుకోలేక మంచం మీద కూర్చుని తెల్లవార్లూ దగ్గేవాడు.

పన్నెండు గంటల డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పగలు డ్యూటీవాడు లేచిన చాప మీద రాత్రి డ్యూటీవాడు పడుకునేవాడు. గది ఒకటే, అద్దె ఒకటే, చాప ఒకటే. కూలి మీటరు లెక్క. సాంచ ఆగితే కూలి ఆగినట్టే. కరెంటు పోయిందా, పడుగు చుట్టిన బీము అయిపోయిందా, కొత్త బీము పోగులు అతికే వైపని మనిషి రాలేదా, ఆ గంటలకి పైసా లేదు. శుక్రవారం సెలవు. శుక్రవారం ఎందుకని అడక్కండి, మోమిన్ సేఠ్‌ల ఊరు కదా. ఆ ఒక్కరోజు ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది. ఇక్కడి నుంచి వచ్చిన చుట్టాలకి మిగతా రోజుల్లో నిద్ర పట్టేది కాదు. మాకు శుక్రవారం పట్టేది కాదు.

ఆడవాళ్ళు లేని ఊరు అది. నిజంగానే. 2011 లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్ళకి ఆడవాళ్ళు దాదాపు ఏడువందలే. ఎందుకంటే పనికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది భార్యాపిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, మన తెలంగాణ. మరి వీళ్ళందరికీ వండిపెట్టేది ఎవరు? బిస్సీ. అంటే నెలవారీ మెస్సు అనుకోండి. ఏ ప్రాంతంవాళ్ళకి ఆ ప్రాంతం బిస్సీ. పద్మానగర్‌లో బిస్సీ అంటే ఎక్కువగా మన ఆడవాళ్ళు ఇంట్లోనే నడిపేవాళ్ళు. మా పక్కింటి అవ్వకి ఇరవైమంది దాకా తినేవాళ్ళు ఉండేవాళ్ళు. చదువు రాదు. గోడ మీద బొగ్గుతో గీతలు. ఎవరు ఏ పూట తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరు ఎంత బాకీ, అంతా ఆ గోడే. దీపావళికి సున్నం వేసే ముందు బాకీలన్నీ వసూలు చేసుకునేది. "గోడకు సున్నమేస్తున్నరా, పైసలు కట్టుండ్రి" అని బస్తీ అంతా వినబడేలా అరిచేది. ఏ ఆడిటర్‌కీ అంత భయపడడం నేను చూడలేదు.

కుటుంబాలతో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కండెలు చుట్టేవాళ్ళు, బీడీలు చేసేవాళ్ళు. మా అమ్మ బీడీలు చేసేది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, తడి గుడ్డలో చుట్టిన తునికాకు. చూపు ఆకు మీద ఉండదు, చేతులు వాటంతట అవే తిరుగుతుంటాయి. మాట్లాడుతూ చేసేది, మమ్మల్ని తిడుతూ చేసేది, ఏడుస్తూ కూడా చేసేది. నాయిన కూలి అద్దెకీ, ఊళ్ళో అప్పుకీ పోయేది. మేము తిన్నది, చదివింది అమ్మ బీడీల మీద. ఇది మా ఇంటి సంగతే అనుకోకండి. మరమగ్గం కార్మికుడి జీవితం అని ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఆ కార్మికుడి ఇంట్లో ఇంకో కార్మికురాలు ఉందని రాసినవి తక్కువ. అది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే విషయం, అందుకని ఇక్కడ చెప్పాను.

భాషల సంగతి చెప్పనా? ఇంట్లో తెలుగు. కార్ఖానాలో హిందీ, అదీ ఉర్దూ కలిసిన హిందీ. కూరగాయల మండీలో, మున్సిపల్ ఆఫీసులో మరాఠీ. మున్సిపాలిటీ బడులు మరాఠీలో, ఉర్దూలో, హిందీలో, గుజరాతీలో, తెలుగులో కూడా ఉండేవి. తెలుగు బడిలో చదివిన పిల్లలు పై తరగతులకి వచ్చేసరికి ఒక్కసారిగా వేరే మీడియంలో పడేవాళ్ళు. నేను ఆ పిల్లల్లో ఒకదాన్ని, తర్వాత ఆ పిల్లలకి టీచర్ని. లెక్కల్లో వందకి తొంభై తెచ్చుకునే పిల్లాడు చరిత్ర పేపర్లో తెల్ల కాగితం ఇచ్చి వచ్చేవాడు. శివాజీ తెలీక కాదు, మరాఠీలో నాలుగు వాక్యాలు రాయలేక. వాడు మరుసటి ఏడు బడికి రాడు. ఎక్కడుంటాడు? సాంచ దగ్గర.

పండగలు మాత్రం ఘనం. వరాలదేవి చెరువు అని పెద్ద చెరువు ఉంది, ఊరికి కొంత మంచినీళ్ళూ ఇస్తుంది. బతుకమ్మకి తెలుగువాడలన్నీ పాడుకుంటూ రోడ్డెక్కుతాయి. పూలు ఎక్కడివంటారా? తంగేడు అక్కడ మన దగ్గరిలా ఎక్కడపడితే అక్కడ దొరకదు. కల్యాణ్ పూల మార్కెట్ నుంచి బంతిపూలు కిలోల లెక్కన కొనుక్కొచ్చేవాళ్ళం. ఊరి నుంచి వచ్చే బస్సులో ఎవరన్నా గునుగు కట్ట తెచ్చారంటే ఇక వాళ్ళదే ఆ ఏటి పెద్ద బతుకమ్మ. మార్కండేయ జయంతి సరేసరి. గణపతి నవరాత్రులు ఊరందరివీ. బక్రీద్, మొహర్రం కూడా ఊరివే. ఇక్కడ మన పల్లెల్లో పీర్ల పండగ చూసి పోయినవాళ్ళకి అదేమీ కొత్త కాదు.

ఇంతవరకు చెప్పి ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. 1970 మే నెలలో శివాజీ జయంతి ఊరేగింపు రోజు భీవండిలో మతకల్లోలం జరిగింది. దాని మీద జస్టిస్ డి.పి. మదన్ కమిషన్ వేశారు, పెద్ద నివేదిక ఇచ్చింది. మళ్ళీ 1984 మే నెలలో. ఆ రెండోది నాకు బాగా గుర్తు. కర్ఫ్యూ. సాంచాలు ఆగిపోయాయి. పాలు లేవు. మా నాయిన పనిచేసే సేఠ్ ముసల్మాను, ఆయన ఉండే మొహల్లా వైపు పొగ కనిపించేది. నాయిన మేడ మీద నిలబడి అటే చూస్తుండేవాడు. ఆయనకి సేఠ్ మీద ప్రేమా, బాకీ కూలి మీద బెంగా అని నన్నడిగితే, రెండింటినీ విడదీయలేను. తిరిగి షెడ్డు తెరిచిన రోజు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదట. సేఠ్ తాళం తీశాడు, నాయిన మెయిన్ స్విచ్ వేశాడు.

ఆ తర్వాత జరిగింది ఈ దేశం మొత్తం చదువుకోవలసిన విషయం. 1988 ప్రాంతంలో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి డీసీపీగా వచ్చారు. ఆయన మొహల్లా కమిటీలు పెట్టించారు. పేటపేటకీ హిందువులు, ముస్లింలు కలిసి కూర్చోవడం, పోలీసు స్టేషన్లో కాదు, వాళ్ళ వాడలోనే. కల్లోలం గురించే మాట్లాడమన్నారా? లేదు. డ్రైనేజీ, నల్లా నీళ్ళు, ఇంటిగోడ తగాదా, తాగుబోతు మొగుడు. చిన్న తగాదా చిన్నగా ఉండగానే తీరిపోవడం. 1992 డిసెంబరు, 1993 జనవరిలో ముంబై తగలబడింది. పక్కనే ఉన్న భీవండి, అంతకుముందు రెండుసార్లు తగలబడిన భీవండి, ప్రశాంతంగా ఉంది. అధికారి మంచివాడైతే సరిపోతుందా అంటే, సరిపోదని నా అభిప్రాయం. మోమిన్ సేఠ్, పద్మశాలి కార్మికుడు, మార్వాడీ నూలు వ్యాపారి, ఒకడు లేకపోతే ఇంకొకడికి మరునాడు పని ఉండదు. ఆ లెక్క అందరికీ తెలుసు. తెలిసి కూడా రెండుసార్లు కొట్టుకున్నారు కాబట్టి లెక్క ఒక్కటే కూడా చాలదు. కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి కావాలి. కమిటీ అది ఇచ్చింది.

కొంచెం వెనక్కి పోదాం. 1982 జనవరి 18. బొంబాయి మిల్లు కార్మికులు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మెకి దిగారు. దాదాపు రెండున్నర లక్షల మంది. ఆ సమ్మె ఎప్పుడు ముగిసిందని అడిగితే, అధికారికంగా ముగియనే లేదంటారు. మిల్లులే ముగిశాయి. మరి ఆ ఏడాదిన్నర, రెండేళ్ళు దేశానికి గుడ్డ ఎక్కడి నుంచి వచ్చింది? మిల్లు పేరు ముద్ర పడ్డ గుడ్డ ఎక్కడ నేశారు? చాలామటుకు భీవండిలో. అక్కడ మిల్లు కార్మికుడు పస్తులుంటే ఇక్కడ మాకు రెండు షిఫ్టులూ నిండుగా పని. పద్మానగర్‌లో కొత్త రేకులు, కొత్త రేడియోలు, కొత్త సైకిళ్ళు. బొంబాయి మిల్లుల పేట గిరణ్‌గావ్‌లో పనిచేసే మన తెలుగువాళ్ళు, మా చుట్టాలే, మా ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు. అమ్మ అన్నం పెట్టేది. నాయిన వాళ్ళ ముందు పని మాట ఎత్తేవాడు కాదు. సమ్మె విరగడానికి మనం కారణమా అని ఇప్పుడు నన్ను కుర్రవాళ్ళు అడుగుతారు. కారణం కాకపోవచ్చు, కానీ పనిముట్టు అయ్యాం. దాన్ని దాచుకోనక్కర్లేదు.

మిల్లు మూతపడ్డాక ఊరికి సాంచాలు ఇంకా వచ్చాయి. ఆరు లక్షల సాంచాలనీ, దేశంలో మూడోవంతు భీవండిలోనే అనీ ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. మరి సిరిసిల్లకి సాంచాలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1970ల నుంచి భీవండికి పోయివచ్చినవాళ్ళే అక్కడి సెకండ్ హ్యాండ్ సాంచాలు లారీల మీద వేసుకుని వచ్చారు. బొంబాయి మిల్లు పారేసింది భీవండి కొంది, భీవండి పారేసింది మనం కొన్నాం. నేనేమీ తక్కువ చేసి మాట్లాడటం లేదు. పారేసిన ఇనుముతో మూడు ఊళ్ళు అన్నం తిన్నాయి. కానీ అప్పులూ అదే దారిన వచ్చాయి, దగ్గూ అదే దారిన వచ్చింది.

ఇప్పుడు ఎలా ఉంది? షెడ్లు మూతపడుతున్నాయి. నూలు ధర ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. పాలిస్టర్ గుడ్డకి సూరత్ పోటీ, బయటి దేశాల పోటీ. నాడె లేని కొత్త మగ్గాల వేగం ముందు మా పాత సాంచ నిలబడలేదు. 2007లో కరెంటు పంపిణీ టొరెంట్ పవర్ అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు, దేశంలోనే మొదటి ఫ్రాంచైజీ. అంతకుముందు కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు, దొంగ కనెక్షన్లు బోలెడు. తర్వాత కరెంటు నిలకడగా వచ్చింది, బిల్లూ నిలకడగా వచ్చింది. చిన్నవాళ్ళకి ఆ రెండోది మింగుడుపడలేదు. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ. కూలి, నూలు, గుడ్డ అన్నీ చేతి రొక్కం మీద నడిచిన ఊరికి అవి ఎలా తగిలి ఉంటాయో చెప్పాలా? 2020 లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఒకేసారి ఆగిపోవడం చూశాను. ఆ ఏడాదే సెప్టెంబరులో జిలానీ బిల్డింగ్ అనే మూడంతస్తుల పాత ఇల్లు తెల్లవారుజామున కూలి ముప్ఫైమందికి పైగా నిద్రలోనే పోయారు. ఊరు ఎలా కట్టుకుందో అలాగే కూలింది. కింద సాంచ, పైన సంసారం, పునాది ఎవడూ చూడడు. ఏళ్ళ తరబడి ఆ అదురుకి గోడలు ఏమవుతాయి?

సాంచ కిలో లెక్కన తుక్కుకి పోతోంది. షెడ్డు ఏమవుతోంది? గోదాము అవుతోంది. ఇక్కడే నేను మొదట చెప్పిన మాట. ముంబైలోకి సరుకు పోవాలంటే ఆక్ట్రాయి, అంటే ఊళ్ళోకి వచ్చే సరుకు మీద పన్ను, కట్టాలి కదా, 2017లో జీఎస్టీ వచ్చేదాకా అది ఉండేది. అందుకని వ్యాపారులు పొలిమేర అవతలే సరుకు దించుకుని కావలసినంతే లోపలికి పంపేవాళ్ళు. మాన్‌కోలీ, పూర్ణా, కాల్హేర్, రాహ్‌నాల్, దాపోడా, ఈ ఊళ్ళ వరిపొలాలన్నీ గోదాములయ్యాయి. అటు నాశిక్ హైవే, ఇటు జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు దారి. ఆక్ట్రాయి పోయింది, గోదాములు మాత్రం పోలేదు, ఇంకా పెరిగాయి. మీరు ఫోన్లో ఆర్డర్ పెట్టిన వస్తువు ఎక్కడుందో చూడండి ఒకసారి. "భీవండి నుంచి బయలుదేరింది" అని కనిపిస్తుంది. మా ఊరి పేరు దేశమంతా చదువుతోంది, ఊరు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నా దగ్గర చదువుకున్న పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ గోదాముల్లోనే ఉన్నారు. కొందరు స్కానర్ పట్టుకుని రాక్‌ల మధ్య నడుస్తారు, కొందరు ప్యాకింగ్, కొందరు ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. వాళ్ళని నడిపేది కాంట్రాక్టరు. నాయిన సాంచాల మధ్య రోజుకి ఎంత నడిచాడో ఎవరూ లెక్కపెట్టలేదు. వీళ్ళ నడక మాత్రం చేతిలోని మెషిన్ లెక్కపెడుతుంది. ఎవరు నయం? ఒక విషయంలో కుర్రాడే నయం, వాడు దూది పీల్చడం లేదు. మిగతా విషయాల్లో తేడా చిన్నదే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా వాడి సర్వీసు మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇందాక హాల్లోకి వస్తుంటే ఒక తమ్ముడు అడిగాడు, "అక్కా, మా వాడు ఇంటర్ అయ్యిండు, భీవండి పంపియ్యాల్నా?" అని. ఆ తమ్ముడు ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటాడు. చెప్తాను విను తమ్ముడూ. సాంచ పనికి పంపొద్దు. ఆ పని నేర్చుకునేలోపు ఆ షెడ్డు ఉంటుందో ఉండదో. గోదాము పనికి పోతానంటే పోనీ. కానీ పోయే ముందు మూడు ముక్కలు అడగమను. జీతం బ్యాంకులో పడుతుందా, పీఎఫ్ నంబరు ఇస్తారా, ఈఎస్ఐ కార్డు ఎన్నాళ్ళకి వస్తుంది. ఈ మూడూ నోటిమాటగా కాదు, కాగితం మీద. పద్మానగర్‌లో చుట్టాలుంటే మొదటి నెల వాళ్ళింట్లో ఉండమను, వర్షాకాలంలో మాత్రం కింది గదులు అద్దెకి తీసుకోవద్దు, నీళ్ళు వస్తాయి. మరాఠీ కొంచెం నేర్చుకుని పోతే ఆఫీసులో టేబుల్ దగ్గర పని దొరకడం సులువు. రాత్రి బస్సుకి పోతే తెల్లారాక భీవండిలోనే ఉన్న కల్యాణ్ నాకా దగ్గర దిగమను, ఎవరో ఒకరు తెలుగులో పలకరిస్తారు.

ఇంకెవరైనా అడగాలనుకుంటే అడగండి. ఆ వెనక పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు. ఆయన్ని అడగనివ్వండి.